ముఖచిత్రంలో లేని చుక్కలు

మొన్న హైదరాబాదులో కంటి దవాఖానకు పోతే, డాక్టరు పిలిచేదాకా కూర్చోమని ఒక గది చూపించారు. ముందున్న బల్ల మీద ఆడవాళ్ల ఫ్యాషన్ పత్రిక ఒకటి ఉంది. దళసరి, నున్నటి కాగితం. అట్ట మీద ఒక నల్లటి అమ్మాయి. ఆ నలుపును దాచకుండా, ఇంకా మెరిసేట్టు వెలుగు వేసి ఫోటో తీశారు. భుజాన గొంగడి, చేతులకు వెండి కడియాలు, గడ్డం మీద మూడు పచ్చటి చుక్కలు.

పత్రికను కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఆ చుక్కలను బొటనవేలి గోటితో గీకడం మొదలుపెట్టాను. పక్కనున్న మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మమ్మా, అవి నిజం పచ్చబొట్లు కావు. మేకప్ వాళ్లు వేసినవి. ఇప్పుడు ఇదే ఫ్యాషన్."

లోపలికి పిలిచి, కళ్లలో మందు వేసి, కాసేపు మూసుకోమన్నారు. మూసుకున్న కళ్ల ముందు, నిజం పచ్చబొట్లున్న ఇంకొకామె వచ్చి కూర్చుంది. గడ్డం పైకెత్తి, కెమెరా ముందు కూర్చున్నట్టే కూర్చుంది.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆమె ముఖాన్ని ఒకసారి అట్ట మీద వేసినప్పుడు, ఆమెది కాని పేరు ఒకటి కింద అచ్చు వేశారు. ఊరూరూ ఆ పేరుతోనే తిరిగింది ఆమె. ఇప్పుడు నేను అసలు పేరు రాస్తే ఏమవుతుంది? అది చదవవలసినవాళ్లు ఎవరూ లేరు.

మా బాపుకు, అంటే మా నాన్నకు, పాలమూరులో స్టేషనుకు పోయే తోవలో ఫోటో స్టూడియో ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఒకటి రెండేళ్ల నాటి మాట. నాకు అప్పటికి పంతొమ్మిదేళ్లు. బాపు ఫోటోలు తీసేవాడు, నేను దిద్దేదాన్ని. కిటికీ దగ్గర ఒక వాలు బల్ల, దాని కింద అద్దం. అద్దం మీద పడిన వెలుతురు నెగెటివ్‌లోంచి పైకి వచ్చేది. నెగెటివ్‌లో అంతా తలకిందులు. నల్ల మచ్చ అక్కడ తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. సన్నగా చెక్కిన పెన్సిలుతో ఆ ఖాళీని నింపితే అచ్చులో మచ్చ మాయం. ఎర్ర రంగు నీళ్లు పల్చగా పూస్తే ముఖం తెల్లబడుతుంది. బ్లేడు మొనతో గీకితే ఆ చోటు నల్లగా వస్తుంది, కాటుక లేని కళ్లకు కాటుక వస్తుంది. పెన్సిలు తుడిస్తే పోతుంది, రంగు కడిగితే పోతుంది. బ్లేడు గీత మాత్రం పోదు.

ఆమె గురువారం గురువారం సంతకు వచ్చేది. కల్వకుర్తి తోవలో ఉన్న ఒక కొత్తపల్లి వాళ్లది. గొర్రెలు కాసే కురుమ కుటుంబం. భర్త మంద వెంట ఉండేవాడు, ఆమె ఉన్ని వడికి, నేయించిన గొంగళ్లు బస్సు మీద వేసుకుని తెచ్చి అమ్మేది. సంత అయ్యాక మా స్టూడియో అరుగు మీద నీడకు కూర్చునేది. కూర్చున్నా చేతిలో కదురు తిరుగుతూనే ఉండేది. రైలు కూత వినిపిస్తే మాత్రం కదురు చుట్టి బొడ్లో దోపుకుని స్టేషనుకు పోయేది. మిగిలిన గొంగళ్లు అమ్ముకోవడానికని మేం అనుకునేవాళ్లం.

ఆమెకు ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. పొడుగు మనిషి. మాట్లాడితే ఎదుటివాళ్ల మణికట్టు పట్టుకుని మాట్లాడేది. బేరం చేసే సేటుదైనా సరే, కూరగాయలమ్మే అవ్వదైనా సరే, మాట అయిపోయేదాకా చెయ్యి వదిలేది కాదు. ఉన్ని నూనెతో మెత్తబడినా ఆ వేళ్ల పట్టు గట్టిగా ఉండేది. మొదట్లో నాకు భయం వేసేది.

ఇంకొక అలవాటు. బస్సు కదిలే ముందు మెట్టు మీద నిలబడి లోపలికి తొంగిచూసి, "అందరెక్కిన్రా? మీ మీ పోరగాండ్లున్నరా?" అని అడిగేది. తన వెంట పిల్లలెవరూ ఉండేవారు కాదు. కండక్టరు చిరాకుపడేవాడు. "నీకెందుకమ్మా ఊరోళ్ల లెక్కలు? ఎక్కు" అనేవాడు. ఆమె అందరి ముఖాలూ ఒకసారి చూసుకుని గాని ఎక్కేది కాదు.

ఒకరోజు నేను మంచినీళ్లిస్తూ, "అక్కా, ఇంకో లోటా పొయ్యాల్నా?" అన్నాను. ఆమె లోటా కింద పెట్టేసింది.

"అక్క అని పిలువకు పిల్లా. పేరు పెట్టి పిలువు."

"పెద్దదానివి గదా, పేరు పెట్టి ఎట్ల పిలుస్త?"

"పిలువు. ఏం కాదు. అక్క అని మాత్రం అనకు."

ఎందుకో అడగలేదు. అప్పటి నుంచి పేరుతోనే పిలిచాను.

బాపుకు పెద్ద కోరిక ఒకటి ఉండేది. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రిక అట్ట మీద తన ఫోటో పడాలని. ఆ పత్రిక మా స్టేషన్లో కూడా అమ్మేవాళ్లు. పొడుగు జడ, జడలో మల్లెలు, చేతిలో పూల సజ్జ, వెనుక కొబ్బరి చెట్లు, వారం వారం అలాంటి అమ్మాయే. మా వీధిలో ఎవరూ అట్లా ఉండేవాళ్లు కాదు. ఆ సంగతి అప్పట్లో మాకు తట్టలేదు. అట్ట మీది మనుషులు అట్లాగే ఉంటారు అనుకునేవాళ్లం.

ఆమె ముఖం బాపుకు నచ్చింది. వెడల్పు నుదురు, దూరం చూసే కళ్లు. కనుబొమల నడుమ ఒక పచ్చబొట్టు చుక్క, అదే ఆమెకు బొట్టు. గడ్డం మీద మూడు చుక్కలు, కింది చుక్క నుంచి ఎడమకు వంకరగా జారిన చిన్న గీత. అరుగు మీద కూర్చున్న ఆమెను బాపు అడిగాడు.

"ఒక ఫోటో దిగుతవా? నీకు ఊకనే, పైసల్లేకుంట తీస్త. మద్రాసు పత్రికకు పంపుత. మంచిగొస్తె అట్ట మీదేస్తరు."

"నాదేం మొగమని సారూ. గొర్లు కాసేటోళ్ల మొగం ఎవలు జూస్తరు?"

"ఎందుకు జూడరు? ఊరూరికి పోతది."

కదురు ఆగింది. "ఏడిదాక పోతది?"

"రైలు పోయినకాడికల్ల పోతది. టేషన్లల్ల అమ్ముతరు."

"సికిందరాబాదుకు పోతదా?"

"పోతది."

"ఆడికెల్లి ఇంకో దిక్కు పోయె రైళ్లల్ల గూడ?"

"అన్నిట్ల పోతది."

ఆమె లేచింది. మా పెరట్లో ముఖం కడుక్కుంది. గడ్డాన్ని తడిగుడ్డతో రెండుసార్లు తుడుచుకుంది. లోపలికి వచ్చి కుర్చీ మీద కూర్చుని గడ్డం పైకెత్తింది.

"గదుమ జర దించు. మెడలు పట్టినట్టు కూసున్నవేంది?" అన్నాడు బాపు నల్లగుడ్డ కిందినుంచి.

"ఉండనియ్యి సారూ. గిట్లయితెనే మంచిగ కనవడ్తది."

"ఏం కనవడ్తది?"

బాపు వెళ్లి చేత్తో గడ్డం దించి వచ్చేవాడు, ఆమె మళ్లీ ఎత్తేది. నాలుగుసార్లు అయింది. నాకు నవ్వాగలేదు. చివరికి బాపే ఓడిపోయి అట్లాగే తీశాడు.

మద్రాసు నుంచి నెల రోజులకు ఉత్తరం వచ్చింది. ముఖంలో కళ ఉందట. కాని తమ పాఠకులు ఈమెను తెలుగు ఆడపిల్ల అని ఒప్పుకోరట. ఆ మచ్చలు తీసి, రంగు తేటపరిచి, ఆ కంబళి లేకుండా చేసి పంపితే దీపావళి సంచికకు చూస్తామని రాశారు.

బాపు ఆ ఉత్తరాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఇంకోసారి చదివాడు. "మరి మనది ఏం భాష? మనం తెలుగోళ్లం గాదా?" అన్నాడు, ఉత్తరంతోనే అన్నట్టు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెల్లగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"దిద్దు బిడ్డా. నీ చెయ్యి మంచిది."

నిజం చెప్పాలి. నాకు బాధ వేయలేదు, ఉత్సాహం వేసింది. నా చెయ్యి అట్టకెక్కుతుందని. నలుపును తెలుపు చేయడం నాకు కొత్త కాదు. అంతకు ఆరు నెలల ముందు నా పెళ్లిచూపుల ఫోటోను నేనే దిద్దుకున్నాను. అబ్బాయివాళ్లు వచ్చి నన్ను చూశారు, ఫోటో చూశారు, మళ్లీ నన్ను చూశారు, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ మంట అనుభవించినదాన్ని, ఇంకొకామె ముఖం ముందు పెట్టుకున్నప్పుడు అది గుర్తుకు రాలేదంటే ఎవరు నమ్ముతారు? కాని రాలేదు.

రెండు రోజులు కూర్చున్నాను. ముందు గడ్డం మీది చుక్కలు పెన్సిలుతో నింపాను, తర్వాత ఆ వంకర గీత. కనుబొమల నడుమ చుక్క కూడా నింపేసి, దాని పైన బ్లేడు మొనతో గుండ్రంగా గీకి పెద్ద బొట్టు పెట్టాను. కళ్లకు కాటుక గీకాను. ముఖమంతా ఎర్ర రంగు నీళ్లు పూశాను. అచ్చు తీశాక గొంగడిని రంగుతో కప్పి పమిట చేశాను. అంతా అయ్యాక బాపు దూరంగా పట్టుకుని చూసి, "ఇగ ఏ రాజమండ్రి పిల్లో అనుకుంటరు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

దీపావళికి పత్రిక వచ్చింది. వెనుక కొబ్బరి చెట్లు, కాలువ, కాలువలో పడవ. అవి వాళ్లు కలిపినవి. జడలో మల్లెలు కూడా. కింద పెద్ద అక్షరాలతో "కోనసీమ కన్నె" అని ఉంది.

ఆ గురువారం ఆమె రాగానే పత్రిక చేతికిచ్చాను. ఆమె చీరెకు చేతులు తుడుచుకుని అందుకుంది.

"మంచిగున్నది పిల్లా. ఎవలి బిడ్డ?"

"మంచిగ జూడు."

"చూస్తున్న. పెద్దింటి పిల్ల లెక్కున్నది."

"నువ్వే!" అని నవ్వాను. "నిన్నే ఏసిండ్రు."

ఆమె కూడా నవ్వింది, నేను పరాచికాలాడుతున్నాననుకుని. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపింది. పత్రికను వెలుతురుకు తిప్పింది. చూపుడు వేలితో ఆ ముఖం గడ్డాన్ని తడిమింది. అట్ట తిప్పి వెనుక వైపు చూసింది, చుక్కలు అటు దిగిపోయాయేమో అన్నట్టు. మళ్లీ ముందుకు తిప్పింది.

"సుక్కలేవి?"

"తీసేసిన. మచ్చ లేకుంట, నున్నగ…"

"గీత?"

"అది గూడ."

నా మణికట్టు పట్టుకుంది. కోపంగా కాదు. పడిపోతున్న మనిషి గోడ పట్టుకున్నట్టు పట్టుకుంది.

"మరి ఎట్ల గుర్తు వడ్తది పిల్లా?" అంది. "ఎట్ల గుర్తు వడ్తది దానికి?"

అప్పుడు చెప్పింది.

ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు కరువు వచ్చింది. గొర్రెలు చచ్చిపోయాయి. తల్లీతండ్రీ ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని కూలికి పట్నం బయలుదేరారు. చెల్లెకు తొమ్మిదేళ్లు. సికింద్రాబాదు స్టేషన్లో రైలు మారాలి. తల్లి నెత్తిన మూట, తండ్రి భుజాన మూట. ఈమె ఒక చేత్తో గొంగళ్ల కట్ట, ఒక చేత్తో చెల్లె చెయ్యి. జనం తోసుకున్నారు. కట్ట జారింది.

"కట్టను పట్టుకున్న. చెయ్యి ఇడిసిన. గంతనే. తిరిగి చూస్తె లేదు. అవుతల పట్టాల మీద ఇంకో రైలు కదుల్తున్నది. అండ్ల ఎక్కిందని ఒకామె చెప్పింది, లేదని ఒకామె చెప్పింది. మమ్ముల గన్న అవ్వ చచ్చిందాక ఒకటే అడిగింది, కట్ట ఎక్కువైందానె నీకు అని."

అప్పుడు ఆమె గడ్డం మీద తన చుక్కలను చూపించింది. ఆ కరువుకు ముందే ఊరికి పచ్చబొట్లు పొడిచే ఆమె వచ్చిందట. పొడుస్తుంటే నొప్పికి ఈమె తల కదిల్చింది, కింది చుక్క నుంచి సూది జారి గీత పడింది. తర్వాత చెల్లె కూర్చుంది. "అక్కకెట్లొచ్చిందో నాకు అట్లనే గావాలె" అని ఏడ్చింది. పొడిచే ఆమె నవ్వి, చెల్లె గడ్డం మీద కావాలని అదే వంకర గీత పొడిచింది.

"మూడు సుక్కలు పది మందికుంటయి. గీ గీత లోకంల ఇద్దరికే ఉన్నది పిల్లా. మొగమంటవా, నా మొగం దానికి యాదుంటదో లేదో. గీత మర్వది. రైలు పోయినకాడికల్ల పోతదంటె కూసున్న నేను."

బాపు లోపలి నుంచి అంతా విన్నాడు. బయటకు రాలేదు.

ఆ రోజే నెగెటివ్ తీసి రంగు కడిగాను, పెన్సిలు తుడిచాను. గడ్డం మీద చుక్కలు తిరిగి వచ్చాయి, గీత వచ్చింది. నేను బ్లేడుతో పెట్టిన బొట్టు, కాటుక పోలేదు. ఉన్న కాగితమంతా వాడి చిన్న చిన్న అచ్చులు తీశాను. వారం తిరిగి ఆమె వచ్చినప్పుడు కట్టగా చేతిలో పెట్టాను.

"గీ బొట్టేంది?" అంది.

"అది పోదు. గీకిన."

కొంచెంసేపు చూసింది. "పోనియ్యి. సుక్కలొచ్చినయి గదా."

బాపు పత్రికవాళ్లకు సంగతంతా రాశాడు, అసలు ఫోటోను లోపలి పేజీలోనైనా సరే వేయమని అడిగాడు. జవాబు రాలేదు. మళ్లీ రాశాడు. రాలేదు.

ఆమె ఆ అచ్చులు పట్టుకుని స్టేషనుకు పోయేది. సికింద్రాబాదు వైపు పోయే రైలు ఆగితే ఆడవాళ్ల పెట్టె కిటికీల దగ్గర నిలబడి, ఫోటో చూపి, తన గడ్డం చూపి, "గిట్లున్నామె ఏడన్న కనవడ్తె పాలమూరు టేషన్ కాడ అడుగుమనుండ్రి" అని ఒక్కొక్కటి ఇచ్చేది. కొందరు తీసుకునేవాళ్లు. కొందరు రైలు కదలగానే కిటికీలోంచి విసిరేసేవాళ్లు. రైలు వెళ్లిపోయాక ఆమె పట్టాల మధ్యకు దిగి, పడినవాటిని ఏరి, కొంగుతో తుడిచి, మళ్లీ కట్టలో పెట్టుకునేది. ఒకసారి వెంట వెళ్లి చూశాను. ఇంకోసారి వెళ్లలేకపోయాను.

మూడేళ్లు గడిచాయి. నాకు ఆలేరు సంబంధం కుదిరింది. ఈసారి ఫోటో పంపనన్నాను, మనిషినే వచ్చి చూసుకొమ్మన్నాను. ఆయన చూసి ఒప్పుకున్నారు. అక్కడ నూనె మిల్లులో గుమాస్తా. నేను వెళ్లే రోజు ఆమె స్టేషనుకు వచ్చింది.

"ఆలేరంటె ఏ దిక్కు?"

"సికిందరాబాదుకెల్లి కాజీపేట దిక్కు."

కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. రైలు కదిలినా కొంతదూరం నడుస్తూనే ఉంది. "ఆడ గూడ జర అడుగు పిల్లా. మర్వకు" అంది. వేళ్లు జారిపోయాక కూడా ఆ చెయ్యి అట్లాగే గాల్లో చాచి ఉంచింది.

ఆలేరులో నేను అందరి గడ్డాలూ చూసేదాన్ని. బావి దగ్గర, మిల్లు గేటు దగ్గర, సంతలో. కొత్త కోడలికి ఇదేం చూపని మా అత్తగారు నొచ్చుకుంది. ఆరు నెలల తర్వాత ఒక పొద్దున, స్టేషను బయట ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే ఒకామె దగ్గర ఆగాను. తల వంచుకుని కొలుస్తోంది. పొట్లం ఇవ్వడానికి ముఖం ఎత్తింది.

మూడు చుక్కలు. కింది చుక్క నుంచి ఎడమకు జారిన వంకర గీత.

పాలమూరు నుంచి వెంట తెచ్చుకున్న ఫోటోను సంచిలోంచి తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది.

"గీమె మా అక్క" అంది. ఏడవలేదు. ఎవరో అడిగితే చెప్పినట్టు చెప్పింది. తర్వాత, "గిసుంటి పటం మా ఇంట్ల గూడ ఉన్నది, రా" అని గంప పక్కామెకు అప్పజెప్పి లేచింది.

ఆమెను పెంచింది ఆ స్టేషన్లో చల్ల అమ్మే ఒక ముసలమ్మ. తొమ్మిదేళ్ల పిల్ల ఊరు పేరు కొత్తపల్లి అని చెప్పిందట. ఏ కొత్తపల్లి అంటే చెప్పలేకపోయింది. ఎన్ని కొత్తపల్లులున్నాయో లెక్కలేదు. ముసలమ్మ రెండుమూడు కొత్తపల్లులకు తిప్పి, ఇక తన దగ్గరే ఉంచుకుంది. ఇప్పుడామెకు భర్త, ఇద్దరు పిల్లలు. గూడ్సు షెడ్డు వెనుక ఒక గది. ఆ గది గోడకు, పొయ్యి పైన, గంజితో అంటించిన అట్ట. పొగకు పసుపు పట్టింది. కొబ్బరి చెట్లు, పడవ, కోనసీమ కన్నె.

"మా ఇంటాయన రైల్ల దొరికిందని తెచ్చిండు. మూడేండ్లాయె. కండ్లు మా అక్క కండ్లే అని చూడంగనే అనిపించింది. రోజు వండుకుంట చూస్త. గని మా అక్కకు గదుమ మీద గీత ఉండె, నాకున్నట్టే. గీమెకు లేదు. కింద సదివిచ్చుకుంటె కోనసీమామె అన్నరు. ఇగ ఊకున్న."

"ఆ గీత తీసింది నేనే" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. పెన్సిలు, రంగు, మద్రాసు ఉత్తరం, చెయ్యి విడిచినందుకు వాళ్లక్క పడిన బాధ, అన్నీ చెప్పాను. ఆమె గోడను చూసింది, నన్ను చూసింది.

"మా అక్క ఉన్నదా?" అని ఒకటే అడిగింది.

"ఉన్నది" అన్నాను. ఆ రోజే బాపుకు కార్డు రాశాను.

ఎనిమిదో రోజు జవాబు వచ్చింది. ఆమె సంతకు రావడం మానేసిందని, ఎందుకో తెలియక ఊరుకున్నానని, నా కార్డు అందగానే బస్సెక్కి కొత్తపల్లి పోయానని రాశాడు బాపు. రెండు రోజుల జ్వరంతో పోయిందట. నెలన్నర అయిందట.

చెల్లెను నేనే వెంటబెట్టుకుని పోయాను. ఆలేరు నుంచి రైలు, సికింద్రాబాదులో ఇంకో రైలు, పాలమూరు నుంచి బస్సు. సికింద్రాబాదులో దిగినప్పుడు ఆమె ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయింది. ఏమిటని నేను అడగలేదు. దారంతా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నాకు తేలికగా ఉండేది. ఆ తర్వాత నేను ఎవరి ముఖమూ దిద్దలేదు. బాపు అడిగినా దిద్దలేదు. దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది?

ఊరి బయట చేను గట్టున పూడ్చారు. పైన ముళ్లకంప వేసి, రాళ్లు పేర్చారు. ఆమె భర్త, చెల్లెకు బావ, గొర్రెలను పక్క బీట్లో విడిచి వచ్చి కొంచెం దూరంగా కూర్చున్నాడు. అరవై దాటినవాడిలా ఉన్నాడు, అంత వయసు లేదు. నేను ఇంకొంచెం దూరంలో నిలబడ్డాను.

చెల్లె రాళ్ల పక్కన కూలబడింది. తర్వాత, పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు, మామూలుగా మొదలుపెట్టింది.

"అక్కా, నేనొచ్చిన. ఆలేరుల ఉన్న. ఇద్దరు పిల్లలు. చిన్నదానికి నీ పేరే పెట్టిన."

బావ తల వంచుకున్నాడు.

"నువ్వు చెయ్యి ఇడిసినవని ఏడ్చినవంట గదనే. నువ్వు ఇడువలే అక్కా. నేనే గుంజుకున్న. అవుతల ఒకడు కోతిని ఆడిస్తుండె. దానికి ఎర్రంగి తొడిగిండు. చూసి ఉరికొస్త అనుకున్న. వాడు రైలెక్కిండు, నేను గూడ ఎక్కిన. నీది తప్పు లేదు. నేనే."

అక్కడికి ఆగిపోయింది. గొర్రెల మెడ గంటలు వినిపిస్తున్నాయి. నేను తల ఎత్తలేకపోయాను.

బావ లేచి వచ్చి ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. కొంగు లాగి కళ్లు తుడుచుకోబోతున్న ఆమెతో మెల్లగా అన్నాడు.

"ఇంకోపారి చెప్పు బిడ్డా. జర గట్టిగ చెప్పు. మీ అక్కకు ఒక చెవు సరిగ ఇనరాకుండె."

ఆమె వంగి, రాళ్ల సందున మట్టికి నోరు దగ్గరగా పెట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.